రంగం వదలాలా, ఉండాలా?

2024 ఫిబ్రవరిలో బర్మా సైనిక ప్రభుత్వం 2010 నాటి నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అటక మీంచి దించింది. 18 నుంచి 35 ఏళ్ల మగపిల్లలు, 18 నుంచి 27 ఏళ్ల ఆడపిల్లలు పిలుపొస్తే తుపాకీ పట్టాలి. ఆ వారంలోనే రంగూన్ నుంచి, మా పాతవాళ్లు రంగం అనే ఆ ఊరి నుంచి, మా చిన్నాన్న మనవడు ఫోన్ చేశాడు. వాడి తెలుగులో సగం బర్మా భాష, నా బర్మా భాషలో సగం తెలుగు. "పెదనాన్నా, ఉండమంటావా, వెళ్లిపొమ్మంటావా?" అన్నాడు.

నన్నే అడగడానికి కారణం ఉంది. ఆ ప్రశ్నకి మా ఇంట్లో రెండు జవాబులూ ఉన్నాయి. మా నాన్న 1965లో పెళ్లాం పిల్లలతో విశాఖ రేవులో దిగాడు. ఆయన తమ్ముడు రంగూన్‌లోనే ఉండిపోయాడు. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే పప్పుల వ్యాపారం, వానాకాలం చదువుల్లో కూడా ఎక్కువ తక్కువలు లేవు. ఇద్దరి బతుకులూ చివరిదాకా చూసినవాణ్ణి నేనే మిగిలాను. వాడికి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పినవి ఇక్కడ అంకెలు వేసి పెడుతున్నాను. అంకెలున్నాయని ముఖ్యమైనది ముందు, కానిది వెనక అనుకోవద్దు. గుర్తొచ్చిన వరసే ఇది.

1. అల్లర్లు దాటిపోతాయి, చట్టాలు దాటిపోవు.

మా తాత బారువ దగ్గరి పల్లె నుంచి మేస్త్రీ కింద రేవు కూలీగా రంగం వెళ్లాడు. 1930 మే నెలలో అక్కడి తెలుగు కూలీలు సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల బదులు బర్మా వాళ్లని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరి మనవాళ్లు పనిలోకి రాగానే ఆ బర్మా కూలీలను పొమ్మన్నారు. కడుపు మండింది కంపెనీల మీద, దెబ్బ పడింది తెలుగువాళ్ల మీద. వీధుల్లో వెతికి మరీ చంపారు. 1938లో మళ్లీ అల్లర్లు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు. ఆ తర్వాత లక్షల మంది భారతీయులు కాలినడకన దేశం దాటారు. నాన్నా తాతా ప్రోమ్ మీదుగా టౌంగప్ కనుమ దిగి, అరకాన్ తీరం పట్టుకుని చిట్టగాంగ్ వైపు నడిచారు. తాత దారిలోనే కలరాతో పోయాడు. అయినా 1946లో నాన్న మళ్లీ ఓడెక్కాడు, ఇక్కడ పొలం లేదు గనక. 1949లో కరెన్ తిరుగుబాటుదారులు రంగూన్ పొలిమేరలో ఇన్సేన్ పట్టుకుని నెలల తరబడి కూర్చున్నారు. అదీ దాటిపోయింది.

ఇన్ని దాటినవాడికి 1962 మార్చి 2 ఏపాటిది? జనరల్ నే విన్ తెల్లారేసరికి అధికారం తీసుకున్నాడు. వీధుల్లో గొడవ లేదు, మా కొట్టు ఆ రోజు కూడా తెరిచే ఉంది. పైగా ఇదే సైన్యం 1958లో ఒకసారి పగ్గాలు పట్టి, 1960లో ఎన్నికలు పెట్టి, గెలిచిన యూ నూకి అప్పగించి పక్కకి తప్పుకుంది. ఆ రెండేళ్లలో ఊరు శుభ్రపడిందని మెచ్చుకున్నవాళ్లు మా వీధిలో చాలామంది. అందుకే నాన్న "ఇదీ పోతుందిలే" అన్నాడు. పాత అనుభవమే ఆయన చేత ఆ మాట అనిపించింది. కష్టాలు చూడనివాడు అయితే ముందే భయపడి ఉండేవాడేమో.

ఫోన్‌లో వాడికి నేను చెప్పిందేమంటే, వీధిలో జరిగేది వారం, నెల. గెజెట్‌లో అచ్చయింది తరాలు. కాల్పులు జరిగిన రోజు తలుపు గడియ వేసుకుని కూర్చో. కొత్త చట్టం వచ్చిన రోజు మాత్రం దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదువు, నీ వయసు, నీ పుట్టుక, నీ సొత్తు అందులో ఎక్కడున్నాయో చూడు.

2. గీత ముందే గియ్యాలి, గీసింది ఇంకొకరికి చూపించాలి.

1963 ఫిబ్రవరిలో బ్యాంకులన్నీ జాతీయం చేశారు. "మనకి బ్యాంకు ఖాతా ఎక్కడుంది?" అన్నాడు నాన్న. తర్వాత పెద్ద వ్యాపారాలు పోతున్నాయన్నారు. "మనది పెద్ద వ్యాపారమా?" అన్నాడు. 1964 మార్చి 19న మా కొట్టుకే వచ్చారు.

ముగ్గురు మనుషులు, ఒక రిజిస్టరు. వాళ్లలో ఒకడు మా వీధి చివరి కుర్రాడే. తల ఎత్తకుండా రాసుకుంటూ పోయాడు. మినప్పప్పు బస్తాలు, పెసలు, ఎండుమిరప, కొబ్బరినూనె డబ్బాలు. తక్కెడ రాశారు. తూకం రాళ్లు విడివిడిగా, ఒక్కో రాయి బరువుతో సహా రాశారు. వెనక గదిలో అమ్మ ఇంటి కోసం పెట్టుకున్న చింతపండు జాడీని కూడా సరుకు కింద జమ వేశారు. అమ్మ అది ఇంటిదని తెలుగులో చెప్పింది, బర్మా భాషలో చెప్పింది. ఆ కుర్రాడు కొట్టేసి మళ్లీ రాశాడు, జాడీ మాత్రం ఇవ్వలేదు. సాయంత్రానికి గుమ్మం మీద నంబరు వేసిన బోర్డు వేలాడింది. ప్రజాదుకాణం. నాన్న చేతిలో ఒక రసీదు.

అప్పుడైనా కదిలామా? లేదు. "పరిహారం ఇస్తారట" అన్నాడు. మే 17న 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నారు. అప్పటికి గాని ఆయన నోట వెళదామన్న మాట రాలేదు. అప్పటికి వెళ్లడానికి కావలసిన డబ్బే లేదు.

గీత ఉండేది నాన్నకి కూడా. ప్రతి నెలా దాన్ని అడుగు వెనక్కి జరుపుకున్నాడు, అంతే. అందుకే చిన్నాన్న మనవడితో అన్నాను, "ఏవి జరిగితే వెళ్లిపోతావో రెండు మూడు కాగితం మీద రాసి మీ అమ్మ చేతిలో పెట్టు. నీ దగ్గరే ఉంచుకుంటే నువ్వూ జరుపుతావు."

ఒకరి గీత ఇంకొకరికి సరిపోదు. దేశం పాడైపోయిందా లేదా అన్నది పత్రికల్లో రాసేవాళ్ల లెక్క. ఇంటి లెక్క చిన్నది. బడి ఉందా, మందు దొరుకుతుందా, రాత్రి తలుపు కొడితే ఎవరికోసం కొడతారు. పక్కింట్లో చదువుకునే పిల్లలు లేకపోతే 1965లో బడులు జాతీయం చేయడం వాళ్లకి కబురే కాదు. మాకది పెద్ద దెబ్బ.

3. కాగితం సంగతి తేలాకే మిగతా సంగతులు.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. ఎన్నో ఏళ్లుగా అక్కడ ఉన్న పరదేశీయులు పౌరసత్వం కోరుకోవచ్చని రాజ్యాంగంలో పెట్టారు. గడువులోగా దరఖాస్తు చేసుకోవాలి. చిన్నాన్న చేసుకున్నాడు. నాన్న చేసుకోలేదు. "ఎప్పటికైనా బారువ పోయేవాళ్లమే గదా, ఆ కాగితం ఎందుకు?" అనేవాడు. అలా అనుకున్నది ఆయన ఒక్కడే కాదు. రంగూన్‌లో తెలుగువాళ్లు, అరవవాళ్లు, ఒరియావాళ్లు చాలామంది విదేశీయుల రిజిస్ట్రేషను పుస్తకం పెట్టుకుని, ఏటా రుసుము కట్టి ముద్ర వేయించుకుంటూ కాలక్షేపం చేశారు. 1937 దాకా బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం కదా, మన ఊరికీ ఆ ఊరికీ మధ్య గీత ఉందని వాళ్ల మనసుకి ఎక్కలేదు. 1931 జనగణన ప్రకారం రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. సగం ఊరు మనదే అయినప్పుడు ఎవరు పంపేస్తారు అనుకున్నారు.

కొట్టు పోయాక అన్నదమ్ములిద్దరూ ఒకేలా రోడ్డున పడ్డారు. కానీ చిన్నాన్న ఉద్యోగం వెతుక్కోగలిగాడు. నాన్నకి పనికి పర్మిట్ కావాలన్నారు. అది రాలేదు. మమ్మల్ని ఎవరూ మెడబట్టి గెంటలేదు. బతికే దారులు ఒకటొకటిగా మూసుకుపోతే మేమే ఓడ కోసం పేర్లు రాయించుకున్నాం. లక్షల మంది వెనక్కి వచ్చింది ఇలాగే.

అలాగని చిన్నాన్న కాగితం వజ్రమా అంటే అదీ కాదు. 1982లో కొత్త పౌరసత్వ చట్టం తెచ్చి జనాన్ని మూడు రకాలు చేశారు. కార్డుల రంగులు కూడా వేరు. మీ పూర్వులు 1823కి ముందు నుంచి ఇక్కడ ఉన్నారా అని ఆ చట్టం అడిగింది. మా తాత ఓడ దిగింది అప్పటికి ఎన్ని తరాల తర్వాతో లెక్క వేసుకోండి. చిన్నాన్న పౌరుడే, కానీ పిల్లలకీ మనవలకీ కార్డు కావాలన్నప్పుడల్లా ఆయన 1948 నాటి కాగితం బయటికి తియ్యాల్సి వచ్చేది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరుని బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బాని బియ్యం కుండలో దాచేవాడు.

ఉండేవాడికి కాగితం వెళ్లేవాడికన్నా ఎక్కువ అవసరం. ఈ మాట చాలామందికి రుచించదు. పాస్‌పోర్టు అంటే పారిపోవడానికి అనుకుంటారు.

4. చేతిపని సరిహద్దు దాటుతుంది.

డబ్బు దాటదు. 1965లో రేవు దగ్గర తనిఖీలో అమ్మ చెవుల దిద్దులు కూడా తీయించారు. లోపలే దాచినవాళ్లు బాగుపడ్డారా? 1985లో కొన్ని నోట్లు రద్దు. 1987 సెప్టెంబరులో 25, 35, 75 చాట్ నోట్లు రాత్రికి రాత్రి రద్దు, ఈసారి పైసా పరిహారం లేదు. చిన్నాన్న పెద్దకూతురి పెళ్లికని దాచిన కట్ట అలాగే పోయింది. తర్వాత 45, 90 నోట్లు అచ్చు వేశారు. తొమ్మిది నే విన్‌కి కలిసొచ్చే అంకె అని జనం చెప్పుకునేవారు. దేశపు డబ్బు ఒకడి జాతకం మీద నడిచిందంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

నాకు కొట్టు పోయాక రంగూన్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషను మీద పని నేర్పించారు. విశాఖలో దిగాక అదే మాకు అన్నం పెట్టింది. పప్పు చూసి అది ఏ జిల్లాదో చెప్పగల నాన్న నైపుణ్యానికి ఇక్కడ ఎవరూ జీతం ఇవ్వలేదు.

5. వెళ్లినవాణ్ణి అడిగితే రమ్మంటాడు, ఉన్నవాణ్ణి అడిగితే ఉండమంటాడు. ఇద్దరూ నీ గురించి మాట్లాడరు, తాము చేసింది సరేనని చెప్పుకుంటారు. నన్ను కూడా ఆ లెక్కలోనే వేసుకోమన్నాను వాడితో.

6. ఒకే ఓడలో అందరి ప్రయాణం ఒకటి కాదు.

ఓడ దిగినప్పుడు నాకు 18, నాన్నకి 50. నాకు అది మొదలు. ఆయనకి అది చివరి మజిలీ.

మాతృదేశం చేరాం అని అందరూ అన్నారు. ముందు శిబిరం, తర్వాత కంచరపాలెం వైపు బర్మా క్యాంపు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం అప్పులిచ్చింది, అది మరవకూడదు. కానీ మేం 'బర్మావాళ్లం'. రంగూన్‌లో ఇండియావాళ్లం అయితే ఇక్కడ బర్మావాళ్లం. మా యాసకి బడి పిల్లలు నవ్వేవారు. అమ్మ బర్మా పద్ధతిలో నూడిల్స్ వండి, శెనగపిండి పులుసు పోసి, వేయించిన ఉల్లిపాయ చల్లి వీధిలో అమ్మింది. మొదట్లో కొన్నవాళ్లు మా క్యాంపు వాళ్లే. ఊరివాళ్లు ప్లేటు పట్టుకోవడానికి చాలాకాలం పట్టింది. ఇప్పుడదే తినడానికి జనం కార్లేసుకుని వస్తున్నారు, అది వేరే సంగతి.

నాన్న ఒక గోదాములో కాపలాదారుగా చేరాడు. సొంత కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి, ఇంకొకడి బస్తాలు లెక్కపెట్టాడు. ఫిర్యాదు చేయలేదు గానీ ఎవరైనా బర్మా సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. 25 ఏళ్లవాడు వెళ్తే ఏం పోతుందో, 50 ఏళ్లవాడు వెళ్తే ఏం పోతుందో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. వెళ్లే దేశంలో నీ కిందివాడు ఎవరు, పైవాడు ఎవరు, నిన్ను ఏ పేరుతో పిలుస్తారు, ఆ పిలుపు పడగలవా అన్నది కూడా అందులో కలిపి.

7. జవాబు సరైందా కాదా అన్నది అడిగిన సంవత్సరాన్ని బట్టి మారుతుంది.

1970లో అడిగితే మా ఇంట్లో తిండికి కటకట, చిన్నాన్నే నయం. 1988 ఆగస్టులో రంగూన్ వీధుల్లో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి, సెప్టెంబరులో సైన్యం మళ్లీ పగ్గాలు బిగించింది. ఆ ఏడు అడిగితే నాన్నదే ముందుచూపు. 1990లో ఎన్నికలు పెట్టి, గెలిచినవాళ్లకి అధికారం ఇవ్వలేదు. అప్పుడూ నాన్నే. 2014లో నేను రంగూన్ వెళ్లాను. ఊరు ఊరంతా వెలిగిపోతోంది. అంతకుముందు వందల డాలర్లు పలికిన సిమ్ కార్డు 1,500 చాట్‌లకి అమ్ముతున్నారు. కుర్రాళ్లు ప్రతివాడి చేతిలో ఫోన్. చిన్నాన్న కొడుకు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాడు, మా పాత కొట్టుకి నాలుగు వీధుల అవతల. చిన్నాన్న మంచం మీద ఉండి కూడా మీసం మీద చెయ్యేసి నాకేసి చూశాడు. అన్న మీద నెగ్గానని ఆయన నమ్మకం, ఆ ఏడాదికి అది నిజమే. 2015 ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూచీ పార్టీ గెలిచాక ఆయన పోయాడు, ఆ నమ్మకంతోనే.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ వచ్చింది.

కాబట్టి ఇరవై ఏళ్ల తర్వాత ఎవరు నెగ్గుతారో చూసి నిర్ణయం చెయ్యొద్దన్నాను. అది ఎవరికీ తెలీదు, జనరళ్లకి కూడా. వచ్చే రెండేళ్లు నువ్వు దేన్ని భరించలేవో అది మాత్రం నీకు తెలుస్తుంది. ఉండిపోయినవాణ్ణి పిరికివాడనీ, వెళ్లినవాణ్ణి ద్రోహి అనీ అనడం వదిలెయ్యాలి. మా నాన్న పోయేదాకా తమ్ముడితో సరిగ్గా మాట్లాడలేదు. ఎవరి మీద కోపం అది? రెండు సంతకాల మీద.

8. వరస కనిపించిందంటే ఆలస్యం అయిందన్నమాట.

2024లో సైనిక సేవ ప్రకటన రాగానే పాస్‌పోర్టు ఆఫీసుల ముందు, రాయబార కార్యాలయాల ముందు తెల్లవారుజాము నుంచే జనం. మాండలేలో పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర తొక్కిసలాటలో ఇద్దరు ఆడవాళ్లు చనిపోయారు. మే నెలకి మగవాళ్లకి విదేశీ పనుల అనుమతులు ఆపేశారు. తలుపు తెరిచి ఉందా లేదా అన్నది జనం దాని మీద పడ్డాక చూసుకోవడం మా ఇంటి పాత జబ్బు. ఆ జబ్బు ఈ కుర్రాడికి లేదు. 2022లోనే పాస్‌పోర్టు తీసుకున్నాడు, ఎక్కడికీ వెళ్లాలని లేకపోయినా.

వాణ్ణి హెచ్చరించింది దళారుల గురించి. సరిహద్దు దాటిస్తాం, ఉద్యోగం సిద్ధం అనే మాట రెండు వైపులా నడుస్తోంది. థాయ్ సరిహద్దున మ్యావడీ చుట్టుపక్కల సైబర్ మోసాల స్థావరాల్లో చిక్కుకున్నవాళ్లలో మన ఆంధ్ర, తెలంగాణ పిల్లలు కూడా ఉన్నారు. 2025 మార్చిలో 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. బర్మా కుర్రాళ్లు ఏ దారిన పారిపోవాలని చూస్తున్నారో ఆ దారినే మనవాళ్లని కంప్యూటర్ ఉద్యోగమని లోపలికి తోశారు. జీతం ఎంతో చెప్పి యజమాని పేరు చెప్పనివాడితో బండి ఎక్కొద్దు. పాస్‌పోర్టు ఇంకొకరి చేతికి ఇవ్వొద్దు.

9. ఇంటికంతటికీ ఒకే జవాబు ఉండాలని లేదు.

1965లో నాయనమ్మ ఓడ ఎక్కనంది. తాత పోయింది ఆ నేల మీదే, నేను ఎక్కడికీ రానంది. నాన్న బతిమాలాడు, కసిరాడు, చివరికి చిన్నాన్న దగ్గర వదిలి వచ్చాడు. ఆవిడ పోయిన సంగతి ఇక్కడికి చేరేసరికి దినవారాలు కూడా అయిపోయాయి. అందులో తప్పెవరిదీ కాదు. కొందరు లోపల, కొందరు బయట ఉన్న ఇళ్లే అక్కడ నిలబడ్డాయని తర్వాత గమనించాను. లోపలివాళ్లు ఇల్లూ సమాధులూ చూసుకున్నారు, బయటివాళ్లు డబ్బూ మందులూ పంపారు.

ఇదంతా వాడికి చెప్పి ఇక తేల్చుకో అన్నాను. వాడు తేల్చుకోకముందే ఫోన్ వాళ్లమ్మ చేతిలోకి వెళ్లింది. "బావగారూ, పాఠాలన్నీ బాగున్నాయి. వాడు పోతే ఇంటి అద్దె ఎవరు కడతారు? కొట్టు మూసి ఏడాదైంది, ఆయనకి షుగరు" అంది.

నా పాఠాల్లో అద్దె లేదు. మర్నాడు మళ్లీ ఫోన్‌లో కూర్చుని లెక్క వేశాం. అద్దె, షుగరు మందులు, బియ్యం, జనరేటరు డీజిలు. సింగపూర్‌లో నర్సుగా ఉన్న వాడి అక్క సగం సర్దుతానంది. విశాఖ నుంచి మేం కొంత. ఇంకా నెలకి కొంత తక్కువ పడుతోంది. అది ఎలా పూడుతుందో తేలాక వాడి టికెట్ సంగతి మాట్లాడదామని అనుకున్నాం.